పొలికార్పు ఎవరి వారు?

ప్రశ్న: మా అమ్మ పుట్టిల్లు ఆర్.సి.ఎం. (రోమన్ కాథలిక్), నాన్నగారిది లూథరన్ సంఘం. ఫిబ్రవరి 23న పునీత పొలికార్పు పండుగ అని అమ్మ పూజకు బయలుదేరితే, ఆయన మన సంఘం వారు కారు కదా అని మా బాబాయి అన్నారు. ఇంతకీ ఆయన ఎవరి వారు? మనకు మిగిల్చినదేమిటి?
— ఒక పాఠకురాలు, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: అమ్మా, ఈ సంఘ భేదాలేవీ పుట్టకముందే, బైబిలులోని ప్రకటన గ్రంథంలో మనం చదివే స్ముర్న పట్టణానికి, అంటే నేటి టర్కీలోని ఇజ్మీరుకు, బిషప్పుగా ఉన్నవారు పొలికార్పు. కనుక ఆయన మీ ఇంట్లో ఇరువైపుల వారికీ పూర్వికులే. చిన్నతనంలో ఆయన బోధ స్వయంగా విన్న ఐరేనియస్, తర్వాత లియోన్ నగరానికి బిషప్పై, పొలికార్పు ప్రభువు శిష్యుడైన యోహానును ఎరిగినవారని రాశారు.

పొలికార్పు హతసాక్షిగా, అంటే విశ్వాసం కోసం ప్రాణమిచ్చి, మరణించడాన్ని సుమారు 155వ సంవత్సరం నాటిదిగా చెబుతారు. స్ముర్న సంఘం రాసిన లేఖ ఆ వివరాలను భద్రపరిచింది. తనను పట్టుకోవడానికి వచ్చిన వారికి ఆ వృద్ధుడు మేడ గది నుంచి దిగివచ్చి, భోజనం పెట్టించి, ప్రార్థనకు ఒక గంట గడువు అడిగి, రెండు గంటలు ప్రార్థించారు. ఇంతటి పెద్దాయననా పట్టుకోవడానికి వచ్చామని వారిలో కొందరు నొచ్చుకున్నారట. క్రీస్తును దూషిస్తే విడిచిపెడతానన్న రోమా అధిపతితో, 86 ఏళ్లుగా తాను సేవించిన రాజును దూషించలేనన్నారు. అది వయసు లెక్క అని చాలామంది అనుకుంటారు గాని, ఆ మాట చెప్పేది సేవాకాలాన్ని. ఎముకలను ఏరి భద్రపరిచిన సంఘం, ఆయన మరణించిన రోజును జన్మదినంగా ఏటా ఆచరించాలని తలచింది. హతసాక్షుల స్మరణ దినాలకు దొరికే తొలి ఆధారాలలో ఇది ఒకటి.

అయితే మీ ఇంటికి మరింత దగ్గరైన సంగతి ఇంకొకటి ఉంది. స్ముర్న ఉన్న ఆసియా అనే రోమా రాష్ట్రంలోని సంఘాలు పస్కాను (క్రీస్తు మరణ పునరుత్థానాల పండుగను) యూదుల నీసాను నెల 14వ తేదీన, అది ఏ వారమైనా సరే, ఆచరించేవి. రోము సంఘం ఆదివారమే ఆచరించేది. ఈ విషయమై పొలికార్పు ముసలితనంలో రోముకు వెళ్లి అక్కడి బిషప్పు అనిసెటస్‌తో మాట్లాడారు. ఒకరినొకరు ఒప్పించుకోలేకపోయారు. అయినా అనిసెటస్ తన సంఘంలో ప్రభు భోజన సంస్కారాన్ని జరిపించే గౌరవాన్ని ఆయనకే ఇచ్చారు. ఇద్దరూ సమాధానంగా వీడ్కోలు తీసుకున్నారు. నా దృష్టిలో ఆయన మిగిల్చిన వాటిలో అతి విలువైనది ఇదే. సుమారు 190లో ఇదే పస్కా తేదీ విషయమై రోము బిషప్పు విక్టర్ ఆసియా సంఘాలను వెలివేయబోయినప్పుడు, ఐరేనియస్ ఈ సంఘటననే గుర్తుచేస్తూ లేఖ రాశారు. తొలి సంఘ చరిత్రకారుడు యూసేబియస్ రాసిన సంఘ చరిత్ర ఐదవ పుస్తకంలో ఆ భాగం ఉంది. బాబాయిగారికి చదివి వినిపించండి.