రబీ నీటిపై ఐఏబీలో శాఖ సిఫారసు ఎలా పెట్టాలి?

సూపరింటెండింగ్ ఇంజినీర్ (ఎస్‌ఈ) కార్యాలయంలో కొత్తగా చేరిన అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్ (ఏఈఈ) గారు అడిగింది ఇది: జిల్లా సాగునీటి సలహా మండలి (ఐఏబీ) సమావేశానికి మంత్రి, కలెక్టర్, ఎమ్మెల్యేలు వస్తున్నారు. రబీకి ఎంత ఆయకట్టుకు నీళ్లివ్వాలో నీటిపారుదల శాఖ తరఫున సిఫారసు పెట్టాలి. ఎన్ని స్లైడ్లు చేయాలి, ఏ క్రమంలో చెప్పాలి?

స్లైడ్ల కంటే ముందు ఎజెండా చూడండి. అందులో ‘నీటి పరిస్థితిపై సమీక్ష’ అని రాస్తే సమీక్షే జరుగుతుంది. ఒక్కొక్కరు తమ మేజర్ (ప్రధాన కాల్వ నుంచి చీలే పెద్ద పిల్లకాల్వ) గురించి మాట్లాడతారు, ఆఖరున ‘చివరి ఎకరం వరకు నీళ్లిస్తాం’ అన్న మాట మినిట్స్‌లోకి ఎక్కుతుంది. మార్చిలో వరి పొట్ట మీద ఉండగా ప్రాజెక్టు అడుగంటితే ఆ మాటకు జవాబు చెప్పాల్సింది మీ ఎస్‌ఈ గారే. అందుకే ఎజెండాలోనే నిర్ణయాన్ని అడగండి: ఏ కాల్వ కింద, ఎన్ని ఎకరాలకు, ఏ పంటకు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు. నాయకులు తేల్చగలిగింది ఎవరికి ఇవ్వాలి, ఎవరికి ఈసారి లేదనాలి అన్నదే. ఎన్ని నీళ్లున్నాయన్నది వాళ్లు తేల్చేది కాదు, అది మీ లెక్క. ఆ రెండూ సమావేశంలో కలిసిపోకుండా చూడడమే మీ పని.

ఆ లెక్క ఒక్క పేజీలో ఉండాలి. డిసెంబర్ 1న ప్రాజెక్టులో 60 టీఎంసీలు (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు) ఉన్నాయనుకుందాం. కనీస నీటిమట్టానికి దిగువన ఉండేవి 12 తీసేయండి. జూలై ఆఖరు దాకా తాగునీటికి 8, ఆవిరికి 4, వచ్చే ఖరీఫ్ నారుమళ్లకు 4 పక్కన పెట్టండి. మిగిలేది 32. సభ ముందు పెట్టాల్సింది ఈ 32 మాత్రమే. మొదటి స్లైడ్‌లో 60 కనబడితే ఆ తర్వాత మీరు ఏం చెప్పినా అందరి చెవుల్లో 60యే మోగుతుంది.

60 అన్న అంకె కూడా ఏ పట్టిక నుంచి వచ్చిందో సరిచూసుకోండి. పూడిక వల్ల, ఏ మట్టానికి ఎన్ని నీళ్లో చెప్పే పాత సామర్థ్య పట్టికలు పనికిరాకుండా పోయాయి. నాగార్జునసాగర్ మొదట 408 టీఎంసీలు, ఇప్పుడు 590 అడుగుల దగ్గర 312.05గా లెక్కిస్తున్నారు. శ్రీశైలం 308 నుంచి 215.81కి వచ్చింది. శ్రీరాంసాగర్ 112 నుంచి 80.5కి పడింది. డ్యామ్ దగ్గర రోజువారీ నివేదిక ఒక పట్టికతో, మీ నోట్ ఇంకో పట్టికతో తయారైతే సభలో ఎవరో ఒకరు పట్టుకుంటారు. ఆ తర్వాత మీ మిగతా అంకెలను కూడా ఎవరూ నమ్మరు.

ఇక ఎకరాలు. తూము దగ్గర కాదు, ప్రధాన కాల్వ తల దగ్గర కొలిచిన డ్యూటీ (ఒక టీఎంసీతో ఎన్ని ఎకరాలు పండుతాయన్న లెక్క) వాడండి. కాల్వలో ఇంకిపోయేది అందులోనే కలిసి ఉంటుంది. రబీ వరికి టీఎంసీకి 6,000 ఎకరాలు, ఆరుతడి పంటలకు 12,000 అనుకుంటే మూడు దారులు తేలతాయి. మొత్తం వరి అయితే 1.92 లక్షల ఎకరాలు. మొత్తం ఆరుతడి అయితే 3.84 లక్షలు. వరికి 20, ఆరుతడికి 12 టీఎంసీలు ఇస్తే 1.20 లక్షలు, 1.44 లక్షలు కలిపి 2.64 లక్షలు. మీ ప్రాజెక్టు డ్యూటీ వేరుగా ఉంటుంది, గత అయిదేళ్ల వాస్తవ వాడకం నుంచి తీయండి. డిజైన్ డ్యూటీ కాగితం మీద అందంగా ఉంటుంది, పొలంలో దొరకదు.

ప్రతి దారికీ ఎదురుగా నీళ్లు అందని మండలాల పేర్లు రాయండి. ఇది రాయడానికి కింది స్థాయిలో అందరూ జంకుతారు. కానీ పేర్లు లేని ప్రత్యామ్నాయం నాయకుడికి పనికిరాదు. తన నియోజకవర్గం సంగతేమిటో తెలియకుండా ఎవరూ సంతకం పెట్టరు, పెట్టినా నిలబడరు. మూడింటిలో శాఖ దేన్ని సిఫారసు చేస్తోందో, ఎందుకో రెండు వాక్యాల్లో చెప్పాలి. ‘తమరి ఆదేశం మేరకు’ అని వదిలేస్తే అది సిఫారసు కాదు.

వంతుల (కాల్వకు కొన్ని రోజులు నీళ్లు వదిలి, కొన్ని రోజులు ఆపడం) లెక్క కూడా జోడించండి, అసలు చిక్కు అక్కడే. 32 టీఎంసీలను 120 రోజులకు సమంగా పంచితే సుమారు 3,090 క్యూసెక్కులు (సెకనుకు అన్ని ఘనపుటడుగులు). అంత తక్కువ ప్రవాహంతో పెద్ద కాల్వలో మట్టం లేవదు, మేజర్ల తూములు అందుకోవు, ఎగువ రైతులు ఇంజిన్లు పెట్టి తోడుకుంటారు, చివరి భూములు ఎండుతాయి. మట్టం నిలవడానికి 6,000 క్యూసెక్కులు కావాలనుకోండి. అప్పుడు నీళ్లు 62 రోజులకే సరిపోతాయి. అంటే 8 రోజులు వదలడం, 7 రోజులు ఆపడం. ఇలా 120 రోజుల్లో వచ్చే ఎనిమిది వంతులకు 64 రోజులవుతాయి కాబట్టి చివరి వంతును 6 రోజులకు కుదించాలి. (ఒక టీఎంసీ అంటే రోజంతా 11,574 క్యూసెక్కులు. ఈ అంకె కంఠతా ఉండాలి, సభలో కాల్‌క్యులేటర్ తీయకూడదు.)

స్లైడ్లు నాలుగు చాలు: నికర నీరు, మూడు దారులు, వంతుల క్యాలెండర్, తీర్మానం ముసాయిదా. ఆయకట్టు పటాన్ని ఏ3 సైజులో అచ్చు వేసి అందరి ముందూ పెట్టండి. గోడ మీద పటం వెనక కూర్చున్నవాళ్లకు కనపడదు.

సమావేశానికి వారం ముందే అంకెలు కలెక్టర్ గారికి, వ్యవసాయ శాఖ జాయింట్ డైరెక్టర్‌కి, గ్రామీణ నీటి సరఫరా ఎస్‌ఈకి చేరాలి. తాగునీటి అవసరం ఎంతో గ్రామీణ నీటి సరఫరా వాళ్ల నుంచి రాతపూర్వకంగా తెప్పించుకోండి. లేదంటే సభలోనే ‘మాకు 8 చాలదు, 11 కావాలి’ అంటారు, మీ పట్టిక మొత్తం కూలుతుంది. నీటి సంఘాల అధ్యక్షులతో డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్లు (డీఈఈలు) ముందే మాట్లాడి ఉండాలి. మంత్రి గారికి క్లుప్తంగా వివరించేది ఎస్‌ఈ గారే, అదీ ముందురోజే. అభ్యంతరం ఉంటే నాలుగు గోడల మధ్యే తెలుస్తుంది.

కృష్ణా ప్రాజెక్టయితే ఇంకో మెట్టు ఉంది. రాష్ట్రానికి ఎన్ని టీఎంసీలన్నది కృష్ణా నదీ యాజమాన్య బోర్డు త్రిసభ్య కమిటీలో తేలుతుంది. అందులో బోర్డు సభ్య కార్యదర్శి, రెండు రాష్ట్రాల ఇంజినీర్-ఇన్-చీఫ్‌లు (ఈఎన్‌సీలు) ఉంటారు. ఆ విడుదల ఉత్తర్వు చేతికి రాకముందు ఐఏబీలో తేదీ ప్రకటించొద్దు. తెలంగాణలో అయితే రాష్ట్ర స్థాయిలో శివం (సమీకృత నీటి ప్రణాళిక, నిర్వహణ) కమిటీ తేల్చిన కేటాయింపుకు లోబడే జిల్లా లెక్క ఉండాలి. కాల్వ మరమ్మతుల వంటి డబ్బు ముడిపడిన ప్రతిపాదనను ఇందులో కలపకండి. దానికి ఆర్థిక శాఖ సమ్మతి కావాలి, ఫైల్ వేరు దారిలో నడుస్తుంది, రెండూ కలిస్తే నీళ్ల నిర్ణయం కూడా ఆగిపోతుంది.

తీర్మానాన్ని ముందే తెలుగులో టైప్ చేసి, అంకెల దగ్గర ఖాళీలు వదిలి తీసుకెళ్లండి. సభ ముగిసిన రోజే మినిట్స్ మీద సంతకాలు కావాలి. రెండు రోజులు ఆగితే ఎకరాలు పెరుగుతాయి, నీళ్లు పెరగవు. కాల్వ కట్టేసే తేదీ, వరికి నీళ్లివ్వని గ్రామాల జాబితా తీర్మానంలో తప్పనిసరిగా ఉండాలి. నారు పోయకముందే దండోరా వేయించడానికి అదే ఆధారం. నిల్వ అంచనా కంటే 2 టీఎంసీలు తగ్గితే వంతులు మార్చే అధికారం కలెక్టర్‌కో ఎస్‌ఈకో అప్పగిస్తూ ఒక వాక్యం చేర్చండి. అది లేకపోతే ఫిబ్రవరిలో వంతు మార్చడానికి మళ్లీ ఐఏబీ పిలవాలి, అప్పుడు తేదీ దొరకదు.