పాఠకుల ప్రశ్నలు: ఫొటో సైజు తగ్గాలి, జరీ మాత్రం కనిపించాలి

ప్రశ్న: బరంపురంలో ఇంటి దగ్గర నుంచే పట్టు చీరలు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాను. ఫోన్‌లో తీసిన ఫొటో ఒక్కోటి 5, 6 ఎంబీ ఉంటోంది, ఓ పది కలిపి పెడితే అప్‌లోడ్ సగంలో ఆగిపోతోంది. ఒక యాప్‌లో తగ్గిస్తే 100 కేబీకి వచ్చింది గానీ కుంభం అంచు అలికేసినట్టు, ఎరుపు పక్కకి కారినట్టు కనిపిస్తోంది. జరీ అసలుదేనా అని కొనేవాళ్లు అడుగుతున్నారు. – ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: చీరలో లోపం లేదమ్మా, ఫోన్‌లోనూ లేదు, తగ్గించిన పద్ధతిలోనే ఉంది. చాలా యాప్‌లు ఫొటో కొలతలు అలాగే ఉంచేసి క్వాలిటీని ఒక్కసారిగా వందకి 30కో 20కో దించేస్తాయి. ముందు కొలతలు తగ్గించాలి, క్వాలిటీ జోలికి ఆ తర్వాతే వెళ్లాలి, అదీ కొంచెమే.

మామూలు ఫోన్ ఫొటో 3000 x 4000 ఉంటుంది, అంటే కోటీ ఇరవై లక్షల పిక్సెళ్లు (ఫొటోలోని రంగు చుక్కలు). చూసేవాళ్లలో ఎక్కువమంది ఫోన్ తెర వెడల్పు 1080 పిక్సెళ్లకి అటూ ఇటూగా ఉంటుంది. కాబట్టి 1200 x 1600కి దించేయండి, పిక్సెళ్లు ఆరో వంతుకి వచ్చేస్తాయి, తెర మీద మాత్రం ఎవరికీ తేడా తెలియదు. ఆ పైన జేపెగ్ (ఫొటోలు మామూలుగా సేవ్ అయ్యే ఫైల్ రకం) క్వాలిటీ 80 దగ్గర పెడితే చాలా ఫొటోలు 300, 400 కేబీకి దిగుతాయి. 100 కేబీకే రావాలని పట్టుబట్టకండి, చీర అమ్ముడుపోవాలంటే ఆ మిగతా 200 కేబీ కావాల్సిందే.

అంచు ఎందుకు చెడిందంటే, జేపెగ్ ఫొటోని 8 x 8 పిక్సెళ్ల గళ్లుగా విడగొట్టి ఒక్కో గడిలో సన్నటి వివరాల్ని తీసేస్తూ పోతుంది. క్వాలిటీ బాగా దించితే గోపురంలా సూదిగా ఉండాల్సిన కుంభం మొన ఆ గళ్లలో పడి మెట్లు మెట్లుగా అయిపోతుంది. ఎరుపు సంగతి వేరు. జేపెగ్ వెలుగునీడల్ని ప్రతి పిక్సెల్‌కీ విడిగా రాసుకుంటుంది గానీ, రంగుని చాలాసార్లు నాలుగు పిక్సెళ్లకీ కలిపి ఒక్కటే రాసుకుంటుంది. మనుషుల ఫొటోల్లో ఇది ఎవరి కంటికీ ఆనదు, ఎర్ర చీరకి ఆకుపచ్చ అంచు, ఆ రెండిటి మధ్య సన్నటి జరీ గీత ఉన్నచోట మాత్రం వెంటనే తెలిసిపోతుంది. కంప్యూటర్ ఉంటే గింప్ (GIMP) అనే ఉచిత ఫొటో సాఫ్ట్‌వేర్‌లో జేపెగ్‌గా ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు సబ్‌శాంప్లింగ్ అనేచోట 4:4:4 ఎంచుకోండి, ఫైల్ కాస్త పెరుగుతుంది గానీ రంగు కారదు. ఫోన్‌లోనే చేయాలంటే బ్రౌజర్‌లో స్క్వూష్ (Squoosh) అనే ఫొటోలు తగ్గించే సైట్ తెరవండి, అందులో కొలతలూ క్వాలిటీ రెండూ మార్చుకోవచ్చు, పైగా ఫొటో మీ ఫోన్ దాటి బయటికి వెళ్లదు.

ఇంకో మాట, ఇది చాలామందికి తట్టదు. జరీ చూపించడానికి చీర మొత్తాన్నీ పెద్ద సైజులో పెట్టక్కర్లేదు. ఒరిజినల్ ఫొటోలోంచి అంచు దగ్గర 1200 x 1200 ముక్క క్రాప్ చేసి, కొలతలు తగ్గించకుండా అలాగే పెట్టండి. పోగు పోగూ కనిపిస్తుంది. చీరకి ఒక నిండు ఫొటో, కొంగుది ఒకటి, అంచుది ఇలాంటి ముక్క ఒకటి, మూడూ కలిపినా ఒక ఎంబీకి కాస్త అటూ ఇటూగా సరిపోతాయి.

చీరని పూల దుప్పటి మీద పరిచి తీయకండి. వెనక సాదా గోడో తెల్ల గుడ్డో ఉంటే అక్కడ దాచుకోవాల్సిన వివరం ఉండదు, ఫైల్ దానంతటదే చిన్నదవుతుంది. రాత్రి ట్యూబ్‌లైట్ కింద తీస్తే పడే ఆ గరుకు చుక్కలు కూడా సైజు పెంచేవే. పొద్దున్న కిటికీ పక్కన తీయండి.

నేతగాళ్ల దగ్గర నుంచి వాట్సాప్‌లో ఫొటోలు వస్తుంటే డాక్యుమెంట్‌గా పంపమని చెప్పండి, మామూలుగా పంపితే వాట్సాప్ తనే కుదించేస్తుంది, దాన్నే మీరు మళ్లీ కుదిస్తే ఇంకా పాడవుతుంది. జేపెగ్‌ని మార్చి సేవ్ చేసిన ప్రతిసారీ కొంత పోతుంది, పోయింది తిరిగి రాదు. అందుకే ఒరిజినల్‌ని ముట్టుకోకుండా విడిగా దాచి, ఎప్పుడు కావాలన్నా దాన్నుంచే చిన్నది చేసుకోండి.

ప్రశ్న: ఉద్యోగం అప్లికేషన్‌లో ఫొటో 20 నుంచి 50 కేబీ, సంతకం 10 నుంచి 20 కేబీ ఉండాలట. ఎన్నిసార్లు పెట్టినా తీసుకోవట్లేదు, చివరి తేదీ దగ్గరపడుతోంది, ఒకటే టెన్షన్. – ఒక విద్యార్థి, పర్లాకిమిడి

జవాబు: టెన్షన్ వద్దు తమ్ముడూ. ముఖమూ భుజాలూ మాత్రం ఉండేలా క్రాప్ చేసి 413 x 531 పిక్సెళ్లకి దించు, 3.5 x 4.5 సెంటీమీటర్ల పాస్‌పోర్ట్ ఫొటో 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) అంతే. తర్వాత క్వాలిటీని పైకీ కిందకీ జరుపుతూ 40 కేబీ దగ్గర ఆపు. 20 కంటే తక్కువైనా తీసుకోదు, అది చాలామంది చూసుకోరు. ఐఫోన్‌తో తీశావా? అయితే ఫైల్ హెచ్‌ఈఐసీ అనే వేరే రకంలో ఉండొచ్చు, జేపెగ్‌గా మార్చాలి. సంతకం తెల్ల కాగితం మీద నల్ల పెన్నుతో పెట్టి, నీడ పడకుండా తీసి, చుట్టూ ఖాళీ కత్తిరించెయ్. పేరు తెలియని సైట్లలో మాత్రం ఫొటో, సంతకం, ఆధార్ ఎక్కించి తగ్గించుకోకు.

ప్రశ్న: గోదావరి వరదకి పత్తి చేను మునిగింది. నష్టం ఫొటోలు పంపాలి, ఊళ్లో సిగ్నల్ అంతంతమాత్రం. చిన్నవి చేసి పంపొచ్చా? – ఒక రైతు, సిరొంచ తాలూకా

జవాబు: పంపొచ్చండీ. అప్‌లోడ్ వేగం సెకనుకి 200 కిలోబిట్లే (అంటే 25 కేబీ) ఉందనుకోండి, 5 ఎంబీ ఫొటోకి మూడు నిమిషాలు దాటుతుంది, 300 కేబీది 12 సెకన్లలో వెళ్తుంది. అయితే ఒక్క జాగ్రత్త. లొకేషన్ ఆన్‌లో ఉంటే ఫోన్ ఫొటోలోనే తేదీ, టైము, ఎక్కడ తీశారన్నదీ రాసి ఉంచుతుంది. చాలా యాప్‌లు తగ్గించేటప్పుడు వాటిని తీసేస్తాయి, మామూలుగా వాట్సాప్‌లో పంపినా పోతాయి. మీది సాక్ష్యం కాబట్టి అవి పోకూడదు. చిన్నవి ముందు పంపండి, ఒరిజినల్స్ ఫోన్‌లోనూ ఒక మెమరీ కార్డులోనూ ఉంచండి, పరిహారం తేలేదాకా తీసేయొద్దు. అధికారులు అసలు ఫైల్ అడిగితే సిగ్నల్ ఉన్నచోటికి వెళ్లి డాక్యుమెంట్‌గా పంపండి.