1985కు ముందు అచ్చయిన పిల్లల పుస్తకాలు అమెరికాలో అమ్మితే నేరమా?

ప్రశ్న: మేము టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో ఉంటాం. ఉగాదికి మా తెలుగు బడి దగ్గర పాత పుస్తకాల స్టాల్ పెడదామనుకున్నాను. నా దగ్గర మూడు పెట్టెలున్నాయి. ఒకదాంట్లో చిన్నప్పుడు మా నాన్నగారు మాకోసం కొన్న పుస్తకాలు, ఎక్కువగా మాస్కోలో అచ్చయిన తెలుగు బొమ్మల పుస్తకాలు. రెండో దాంట్లో ఇక్కడి లైబ్రరీ వాళ్లు తీసేసి అమ్మితే నేను కొన్న ఇంగ్లిషు పిల్లల పుస్తకాలు. మూడో దాంట్లో, విజయవాడలో మా మేనమామ నడిపిన పుస్తకాల కొట్టులో అమ్ముడుపోకుండా మిగిలిన కట్టలు. కొట్టు మూసేశాక ఆయన నాకు పంపించారు. అన్నీ 1970, 80ల నాటివే. 1985కు ముందు అచ్చయిన పిల్లల పుస్తకాల రంగుల్లో సీసం ఉంటుందని, అమ్మితే లక్ష డాలర్ల జరిమానా వేస్తారని ఒక స్నేహితురాలు చెప్పింది. అప్పటినుంచి టెన్షన్‌గా ఉంది. మా బాబుకు రెండేళ్లు. పెట్టెలన్నీ గరాజ్‌లో పెట్టేశాను. పారేయమంటారా?
— ఒక సోదరి, ఇర్వింగ్

జవాబు: పారేయకండమ్మా. మీ స్నేహితురాలు లేనిది కల్పించి చెప్పలేదు. కాకపోతే అది 2009 నాటి పరిస్థితి. 2011లో చట్టాన్ని సవరించారు. మీ మొదటి రెండు పెట్టెలు నిక్షేపంగా అమ్ముకోవచ్చు. మూడో పెట్టె దగ్గర మాత్రం ఆగి ఆలోచించాలి. దానికీ దారి ఉంది, చెబుతాను.

ఈ భయం ఎక్కడ పుట్టిందో తెలిస్తే మిగతాది సులువుగా అర్థమవుతుంది. 2006లో మినియాపొలిస్‌లో నాలుగేళ్ల బాబు ఒకడు, బూట్లతో పాటు ఉచితంగా వచ్చిన బ్రేస్‌లెట్‌కున్న చిన్న లోహపు బిళ్ల మింగేశాడు. ఆ బిళ్ల దాదాపు మొత్తం సీసమే. ఒంటికి విషం ఎక్కి ఆ పిల్లవాడు చనిపోయాడు. మరుసటి ఏడాది, పూసిన రంగులో సీసం ఉందని తేలడంతో బొమ్మల కంపెనీలు వరసగా సరుకు వెనక్కి తెప్పించాయి. ఒక రకం చెక్క రైలు బొమ్మలే 15 లక్షల దాకా. తల్లిదండ్రులు మండిపడ్డారు. ఆ వేడిలో వచ్చిందే వినియోగ వస్తువుల భద్రతను పెంచే 2008 నాటి చట్టం. సీపీఎస్‌ఐఏ అంటారు. ప్రతినిధుల సభలో 424 మంది ఔనంటే ఒక్కరు కాదన్నారు. సెనేట్‌లో 89 మంది ఔనంటే ముగ్గురు కాదన్నారు. 2008 ఆగస్టు 14న అధ్యక్షుడు బుష్ సంతకం పెట్టారు. ఆ కోపం న్యాయమైనదే. ఆ చట్టం అవసరం కూడా.

చిక్కు రెండు చోట్ల వచ్చింది. మొదటిది, ‘పిల్లల వస్తువు’ అనే మాటకు ఇచ్చిన నిర్వచనం. పన్నెండేళ్లు, అంతకు తక్కువ వయసు పిల్లల కోసమే ముఖ్యంగా తయారైన వస్తువు ఏదైనా అందులోకి వస్తుంది. రైలు బొమ్మ ఎలా వస్తుందో, కథల పుస్తకమూ అలాగే వస్తుంది. రెండోది అంతకన్నా గట్టి దెబ్బ. వస్తువు ఎప్పుడు తయారైందని కాదు, ఎప్పుడు అమ్ముతున్నారన్నదే చట్టం చూసింది. 2009 ఫిబ్రవరి 10 నుంచి పిల్లల వస్తువులోని ఏ భాగంలోనూ పది లక్షల పాళ్లలో 600 పాళ్లకు మించి సీసం ఉండకూడదు. అదే ఏడాది ఆగస్టు 14 నుంచి 300 పాళ్లకు మించకూడదు. 1972లో అచ్చయిన పుస్తకం ఆనాటి చట్టానికి సక్రమమే. కానీ 2009లో అమ్మకానికి పెడితే 2009 చట్టానికి సమాధానం చెప్పుకోవాలి. దాన్ని అచ్చువేసిన కంపెనీ మూతబడి ఎన్నేళ్లయిందో ఎవరికి తెలుసు? సమాధానం చెప్పాల్సింది కౌంటర్ దగ్గర కూర్చున్న మనిషే. జరిమానా ఒక్కో ఉల్లంఘనకు లక్ష డాలర్ల దాకా, వరస ఉల్లంఘనలకు కోటీ యాభై లక్షల డాలర్ల దాకా పెంచారు. మీ స్నేహితురాలు చెప్పిన లక్ష ఇదే.

మరి 1985 ఎక్కడిదంటారా? అది చట్టంలో రాసిన అంకె కాదు. గడువు ముంచుకొస్తుంటే పుస్తకాల సంగతేమిటని అందరూ అడిగారు. అప్పుడు వినియోగ వస్తువుల భద్రతా కమిషన్, అంటే సీపీఎస్‌సీ, ఒక వివరణ ఇచ్చింది. 1985 తర్వాత అచ్చయిన మామూలు పిల్లల పుస్తకాల జోలికి తాము రామంది. అంతకుముందటి సిరాల్లో కొన్నింటికి సీసం వాడేవాళ్లన్నది దాని లెక్క. పసుపు, నారింజ రంగుల కోసం లెడ్ క్రోమేట్ అనే సీసపు రసాయనం కలపడం పాత రోజుల్లో మామూలే. ఆ మాటతో కొత్త పుస్తకాలు బయటపడ్డాయి, పాతవి చిక్కుకున్నాయి. అదే ఏడాది ఆగస్టులో కాగితానికి, నాలుగు రంగులతోనే అన్ని రంగులూ తెప్పించే ప్రాసెస్ సిరాలకు సీసం పరీక్ష అక్కర్లేదని నియమం తెచ్చారు. అదీ పాత పుస్తకాలకు పెద్దగా అక్కరకు రాలేదు. వాటిలో చాలావాటికి ఒక్కో రంగునూ విడిగా కలిపి అచ్చొత్తేవాళ్లు. అలా కలిపిన రంగులను ఆ నియమం కావాలనే బయట ఉంచింది.

పరీక్ష చేయించి నిరూపించుకోవచ్చు కదా అని అప్పట్లో కొందరు తేలిగ్గా అనేవారు. ల్యాబ్‌లో సరైన పరీక్షంటే పుస్తకంలో ముక్క కోసి యాసిడ్‌లో కరిగించాలి. ఉన్నది ఒకే కాపీ అయినప్పుడు, పరీక్షలో నెగ్గినా ఆ పుస్తకం మిగలదు. పైగా అది అమ్మితే వచ్చేది రెండు డాలర్లు.

ఆ ఫిబ్రవరి నాకు బాగా గుర్తు. నేను తరచూ వెళ్లే ఒక పాత సామాన్ల దుకాణంలో పిల్లల పుస్తకాల అరలు ఖాళీగా కనిపించాయి. వెనకవైపు చెత్త తొట్టిలో పుస్తకాలు కుప్పగా పోసి ఉన్నాయి. సన్నగా చినుకులు పడుతున్నాయి. పైనున్న పుస్తకానికి గుడ్డ అట్ట. తెరిచి చూస్తే లోపల ఎవరో పిల్ల పెన్సిల్‌తో పెద్ద పెద్ద అక్షరాల్లో తన పేరు, తరగతి రాసుకుంది. ఇది నేను తీసుకోనా అని అక్కడ పనిచేసే ఆవిడను అడిగాను. ‘ఊరికే ఇవ్వడం కూడా తప్పేనని మా లాయరు చెప్పారండీ’ అంది. ఆ లాయరును నేను తప్పుపట్టలేను. ఆ రోజున నన్ను అడిగి ఉంటే నేనూ అదే చెప్పేవాణ్నేమో. ఇంటికొచ్చినా ఆ పెన్సిల్ అక్షరాలే కళ్లముందు మెదిలాయి. అందుకే మీ ఉత్తరంలో ‘పారేయమంటారా’ అన్న మాట దగ్గర ఆగిపోయాను.

ఇక 2011 సవరణ. ఆగస్టు 12న అధ్యక్షుడు ఒబామా సంతకంతో వచ్చింది. వాడిన పిల్లల వస్తువులకు ఈ సీసం పరిమితి వర్తించదని అది తేల్చి చెప్పింది. ఇక్కడ ‘వాడిన’ అంటే నలిగిందనో చిరిగిందనో కాదు. అమ్మే మనిషి దాన్ని తమ వాడకానికే తెచ్చుకుని ఉండాలి. లేదా వాడకానికి తెచ్చుకున్న వాళ్లనుంచి, నేరుగానో చేతులు మారో, అమ్మే మనిషికి చేరి ఉండాలి. తిరిగి అమ్మడానికి కొన్న సరుకు అయి ఉండకూడదు.

దీన్ని మీ పెట్టెలకు అన్వయిద్దాం. మీ నాన్నగారు పిల్లలు చదువుకోవాలని కొన్నారు. ఆ రోజుల్లో మాస్కో పుస్తకాలు అమ్మే విశాలాంధ్ర వాళ్ల బస్సు ఊళ్లోకొస్తే మా నాన్న కూడా నన్ను భుజాన ఎక్కించుకుని తీసుకెళ్లేవారు. ఆ నున్నటి కాగితం వాసన ఇప్పటికీ మరిచిపోలేదు. మొదటి పెట్టెకు ఏ అడ్డూ లేదు. రెండో పెట్టె మీరు అమ్మే ఉద్దేశంతోనే కొని ఉండొచ్చు. అయినా ఫరవాలేదు. లైబ్రరీ ఆ పుస్తకాలు కొన్నది వాడకానికి, అమ్మకానికి కాదు. చేతులు మారి మీకొచ్చాయి, అంతే.

మూడో పెట్టెకు ఆ రక్షణ లేదు. మీ మేనమామగారు ఆ పుస్తకాలను కొట్టుకోసం, అంటే అమ్మడానికి తెచ్చారు. ఎవరూ చదవలేదు. నలభై ఏళ్లు దుమ్ము పట్టినా చట్టం కంట్లో అవి కొత్త సరుకే. అవి 2011 ఆగస్టు 14కు ముందు తయారయ్యాయి కాబట్టి ఇప్పుడున్న 100 పాళ్ల పరిమితి వాటికి పట్టదు, 300 పాళ్లదే పడుతుంది. అంతకన్నా ముఖ్యం, విదేశంనుంచి అమ్మకానికి తెప్పించుకున్నారంటే మీరు దిగుమతిదారు అవుతారు. తయారీదారుకుండే బాధ్యతలన్నీ దిగుమతిదారుకూ ఉంటాయి. మామూలు పుస్తకాలకు బయటి ల్యాబ్ పరీక్ష అక్కర్లేదని 2011 సవరణే చెప్పింది. కానీ మూడేళ్లు, అంతకు తక్కువ వయసు పిల్లల కోసం చేసినవి, ఆడుకునే భాగాలున్నవి మామూలు పుస్తకాల కింద రావు. పరీక్ష అక్కర్లేకపోయినా పరిమితి పరిమితే.

ఇక్కడ మీరొకటి గుర్తు తెచ్చుకోవాలి. మేనమామగారు ఎందుకు పంపారు? ‘పిల్లలు చదువుకుంటారు, ఉంచుకో’ అని పంపి, మీరూ అందుకే తీసుకుని ఉంటే అవి వాడకానికి వచ్చినవే. ‘అక్కడ అమ్ముకో’ అని పంపితే కాదు. కొరియర్ రసీదు మీద ఏమని రాశారో చూడండి. ఒకే పుస్తకం పాతిక కాపీలుంటే, పిల్లలు చదువుకోవడానికి తెచ్చుకున్నానంటే ఎవరూ నమ్మరు. జరిగినదాన్ని ఇప్పుడు మరోలా రాసుకోవద్దు.

దారి ఏమిటంటే, దానం. సేవా అవసరాలకు పంచడానికో, అమ్మి ఆ డబ్బు సేవకు వాడడానికో దానంగా ఇచ్చిన వస్తువును కూడా సవరణ ‘వాడిన’ వస్తువుల్లోనే కలిపింది. మీ తెలుగు బడి లాభాపేక్ష లేని సంస్థగా రిజిస్టరై ఉంటే మూడో పెట్టె బడికి దానంగా ఇవ్వండి. స్టాల్‌లో ఆ పుస్తకాలు బడి పేరున అమ్మాలి, డబ్బు బడి ఖాతాలో పడాలి. మీరూ వాళ్లూ తలో కాపీ ఉంచుకునేలా ఒక కాగితం రాసుకోండి. తేదీ, పుస్తకాల సంఖ్య, విరాళంగా ఇస్తున్నామన్న మాట ఉంటే చాలు.

మూడు పెట్టెలకూ వర్తించే జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. పరిమితికి మించి సీసం ఉందని మీకు నిజంగా తెలిసిన పుస్తకానికి ఏ మినహాయింపూ ఉండదు, దానం ఇచ్చినా సరే. ఉందేమోనన్న అనుమానం వేరు, ఉందని తెలియడం వేరు. ఎవరో ఎక్స్‌రే గన్‌తో కొలిచి ఎక్కువుందని చూపించారనుకోండి. ఆ కాపీ ఇక అమ్మొద్దు, ఇవ్వొద్దు. పై అరలో మీ దగ్గరే ఉంచుకోండి. పుస్తకంతో పాటు నగో, రంగు పూసిన బొమ్మో ఉంటే తీసి పక్కన పెట్టండి. పిల్లల లోహపు నగలకు ఈ మినహాయింపు లేదు. రంగు పూసిన బొమ్మలకు పెయింట్ నియమం వేరే ఉంది. కంపెనీ వెనక్కి పిలిచిన వస్తువును అమ్మడం ఎప్పుడైనా నేరమే కాబట్టి, బొమ్మ కలిసిన పుస్తకమైతే సీపీఎస్‌సీ జాబితాలో ఒకసారి చూసుకోండి. పెద్దవాళ్లు సేకరణ కోసం కొనే అరుదైన పాత ప్రతులను అసలు పిల్లల వస్తువుగానే లెక్కించరు.

ఇలాంటి చిక్కు మన దగ్గరా వచ్చింది. పిల్లల బొమ్మలన్నింటికీ ఐఎస్ఐ మార్కు తప్పనిసరి చేస్తూ 2020 ఫిబ్రవరిలో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. అది 2021 జనవరి 1న అమల్లోకి వచ్చింది. అంకుడు కర్రకు లక్క రంగులద్దే ఏటికొప్పాక కళాకారుడికి ల్యాబ్ ఎక్కడిది? ఆ గడువుకు ముందే, 2020 డిసెంబరులో, భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలకు, నమోదైన హస్తకళాకారులకు మినహాయింపు ఇచ్చారు. ఏటికొప్పాక, కొండపల్లి, నిర్మల్ బొమ్మలు అలా బయటపడ్డాయి. అమెరికాలో పుస్తకాలకు ఆ మేలు జరగడానికి రెండున్నరేళ్లు పట్టింది. ఈలోగా తొట్టెల్లోకి వెళ్లినవి ఇక తిరిగిరావు.

చివరిగా మీ బాబు సంగతి. అమ్మడానికి అడ్డులేదన్నంత మాత్రాన రెండేళ్ల పిల్లవాడి నోటికి అందేలా పెట్టమని కాదు. ఆ వయసులో పుస్తకాన్ని చదవరు, నమిలేస్తారు. పాత పుస్తకాలు మీ ఒళ్లో పెట్టుకుని చదివి వినిపించండి. తర్వాత వాడి చేతులు కడగండి. నమలడానికి కొత్త అట్ట పుస్తకాలివ్వండి. అంతకన్నా ముఖ్యంగా, ఊరినుంచి వచ్చిన కాటుక డబ్బా, సింధూరం ఇంట్లో ఉంటే వాడికి దూరంగా పెట్టండి. వాటిలో సీసం ఉండొచ్చని ఇక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిస్తూనే ఉంది. మీ ఇల్లు 1978కి ముందు కట్టిందైతే గోడల పాత పెయింట్ పెచ్చులూడుతోందేమో చూడండి. పిల్లల ఒంట్లో సీసం ఇంత మోతాదు దాకా ఫరవాలేదన్న లెక్క లేదని ఇక్కడి ప్రజారోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది. ఈసారి పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు రక్తంలో సీసం పరీక్ష చేయమని అడగండి. గరాజ్‌లో వేసవి ఎండకు పాత కాగితం పెళుసెక్కుతుంది, పెట్టెలు ఇంట్లోకి తెచ్చుకోండి.