థాంక్స్ చెప్పాక తోక తగిలించకు

అమ్మలూ,

నీ మెసేజ్ చదివాను. కోవిడ్‌కి బడులు మూసేశాక టీనేజ్ పిల్లలిద్దరూ, పెద్దవాడూ చిన్నదీ, పొద్దస్తమానం కళ్లెదుటే ఉన్నా మాటా పలుకూ లేదని, ఎంత చేసిపెట్టినా ఒక మంచి మాట రాదని రాశావు. ఇలాంటి రోజుల్లో ఆరోగ్యంగా ఇంట్లో ఉండటమే ఎంత అదృష్టమో వాళ్లకి ఎలా తెలియజెప్పాలని అడిగావు. రోజూ రాత్రి భోజనాల దగ్గర ఒక్కొక్కరూ మూడేసి మంచి విషయాలు చెప్పాలని రూల్ పెడదామనుకుంటున్నావు కదా, ఆ రూల్ మాత్రం ఇప్పుడే పెట్టకు. హైస్కూల్లో పాఠాలు చెబుతూ ఆ వయసు పిల్లల మధ్యే బతికినదాన్ని. ఎందుకు వద్దంటున్నానో, దాని బదులు ఏం చెయ్యొచ్చో వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదువు.

వాళ్లు పోగొట్టుకున్నది ముందు మనం ఒప్పుకోవాలి. 2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారి అంది. ఏప్రిల్ వచ్చేసరికి 190కి పైగా దేశాల్లో బడులు మూతపడి, 150 కోట్లకు పైగా విద్యార్థులు ఇళ్లలో ఉండిపోయారని యునెస్కో లెక్క చెప్పింది. పెద్దవాళ్లకి ఆ అంకె వింటే కాస్త ధైర్యం వస్తుంది. "నీ ఒక్కడికే కాదు కదా నాన్నా, లోకమంతా ఇంతే" అనాలనిపిస్తుంది. పదహారేళ్లవాడికి అది ఓదార్పు కాదమ్మా. బడిలో ఆఖరి ఏడాది వాడికి ఒక్కసారే వస్తుంది. ఆ వయసులో స్నేహితులంటే కాలక్షేపం అనుకోకు. అమ్మానాన్నల నీడలోంచి బయటికొచ్చి తనెవరో, తనకేం కావాలో పిల్లాడు తేల్చుకునేది వాళ్ల మధ్యే. అది పోయింది, ఫోన్‌లో కొంతే మిగిలింది.

"ఉన్నదానికి సంతోషించు, లేనివాళ్లని చూడు" అనే మాటలో అబద్ధమేమీ లేదు. కానీ తన బాధ చెప్పుకోబోతున్న పిల్లాడికి అది "ఇక ఆపు" అన్నట్టే వినిపిస్తుంది. నాలుగుసార్లు అలా అయితే వాడు చెప్పుకోవడమే మానేస్తాడు. అందుకని ఒకరోజు తీరిగ్గా ఉన్నప్పుడు అడుగు: "బడి మూసేశాక నీకు అన్నిటికన్నా ఏది లేకపోవడం కష్టంగా ఉంది?" చెప్పినంత విను. ఉపాయాలు చెప్పకు. "అవున్రా, అది చిన్న నష్టం కాదు" అను, చాలు. వాడు ఏమీ చెప్పకపోయినా ఫర్వాలేదు, అమ్మ అడిగిందన్న సంగతి వాడి మనసులో ఉంటుంది.

ఆ తర్వాత చెయ్యాల్సింది నువ్వే. థాంక్స్ ముందు నీ నోటి నుంచి రావాలి. ఏ పనికి చెబుతున్నావో ఆ పని చెప్పి మరీ అనాలి. "నువ్వు చాలా మంచి పిల్లవి" అంటే చిన్నది నమ్మదు. తన కోపాలూ తన బద్ధకాలూ తనకి తెలుసు కాబట్టి, అమ్మ ఏదో బుజ్జగిస్తోంది అనుకుంటుంది. "పొద్దున నా మీటింగ్ అయ్యేదాకా చార్జర్ కోసం తలుపు కొట్టకుండా ఆగావు, థాంక్స్ తల్లీ" అను. ఆ మాటని పిల్ల కాదనడానికి లేదు, జరిగింది కాబట్టి.

కష్టమంతా అలాంటివి కనిపెట్టడంలో ఉంది. చెయ్యని పనులు మన కళ్లకి తొందరగా కనిపిస్తాయి. తడి తువ్వాలు మంచం మీద ఉంటే గదిలోకి వెళ్లీ వెళ్లకముందే కనిపిస్తుంది, ఉతకాల్సిన బట్టల్లో వేసిన రోజు మాత్రం ఏమీ కనిపించదు. అందుకని పనిగట్టుకుని చూడాలి. సిగ్నల్ బాగా వచ్చే మూలని చెల్లెలి పరీక్ష కోసం వదిలిపెట్టాడా? తాతగారికి వీడియో కాల్‌లో మైక్ ఎలా ఆన్ చెయ్యాలో విసుక్కోకుండా మళ్లీ చూపించాడా? బయటికెళ్లి సరుకులు తెచ్చి, అడగకుండానే చేతులు కడుక్కున్నాడా? ఇంటికి ఎవర్నీ రానివ్వొద్దంటే మనసులో ఎంత ఉన్నా పుట్టినరోజు రోజంతా ఇంట్లోనే ఉండిపోయిందా? ఈ ఆఖరిది చిన్న త్యాగం కాదు, ఇంట్లో పెద్దవాళ్ల ప్రాణాల కోసం చేసింది. అది దానితో చెప్పు.

చెప్పాక ఆగిపో. నేను ఇంత ఉత్తరం రాస్తున్నది ఈ ఒక్క మాట కోసమే అనుకో. "గిన్నెలు కడిగావు, థాంక్స్. రోజూ ఇలాగే చేస్తే ఎంత బాగుంటుంది!" అన్నావంటే మొదటి సగం గాలికి పోయింది. పిల్లాడికి మిగిలేది రెండో సగమే. "చూశావా, అనుకుంటే చెయ్యగలవు" అనేదీ అలాంటి తోకే. "మీ అన్నయ్య ఎప్పుడైనా ఇలా చేశాడా?" అనేది ఇంకా చెడ్డది, ఒకర్ని మెచ్చుకుంటూ ఇంకొకర్ని కొట్టినట్టు అవుతుంది. థాంక్స్ అనేది జరిగిపోయిన పనికి చెల్లించేది, రేపటి పనికి అడ్వాన్సు కాదు. రేపు కడగాలంటే రేపు విడిగా అడుగు, తప్పేం లేదు.

ఎక్కడ చెప్పాలన్నది కూడా చూసుకో. చుట్టాల ముందు, ఫ్యామిలీ గ్రూపులో చెబితే ఆ వయసు పిల్లలు సిగ్గుతో చచ్చిపోతారు. ఎదురుగా కూర్చోబెట్టి కళ్లలోకి చూస్తూ చెప్పినా ఇబ్బంది పడతారు. పక్కపక్కన నిలబడి బట్టలు మడతపెడుతున్నప్పుడు ఒక్క ముక్క అనేసి, వేరే మాటలోకి వెళ్లిపో. పక్క గదిలోనే ఉన్నా మెసేజ్ పెట్టు, అదీ మంచిదే. జవాబుగా "ఊఁ" అంటే, అందిందని లెక్క. ఇంకేం రాలేదని బాధపడకు.

వేళ సంగతి ఒకటుంది. యుక్తవయసులో ఒంట్లో నిద్ర గడియారమే వెనక్కి జరుగుతుంది, రాత్రి పొద్దుపోయేదాకా కునుకు రాదు. 13 నుంచి 18 ఏళ్లవాళ్లకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని వైద్యులు చెబుతారు. పొద్దున క్లాసుకి లేపేటప్పుడు వాడి ముఖంలో కనిపించేది పొగరు కాదు, తీరని నిద్ర. ఆ వేళ మంచి మాటలూ వద్దు, నీతులూ వద్దు. రాత్రి పదింటికి వంటింట్లోకి వచ్చి ఊరికే డబ్బాలు తెరిచి చూస్తుంటాడే, వాడికి మాట్లాడాలనిపించే వేళ అది. నీకు ఎంత అలసటగా ఉన్నా ఆ పది నిమిషాలు నిలబడు. మహమ్మారి మొదట్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తల్లిదండ్రుల కోసం ఇచ్చిన సూచనల్లోనూ ఇదే ఉంది: ఒక్కో బిడ్డకీ విడిగా ఓ 20 నిమిషాలైనా ఇవ్వండి, టీవీ, ఫోన్ పక్కన పెట్టండి, టీనేజ్ పిల్లలైతే వాళ్లకిష్టమైన సంగతే మాట్లాడండి అని.

ఇక నీ భోజనాల రూల్ సంగతి. మంచి విషయాలు రాసుకోవడం ఉత్త నమ్మకమేమీ కాదు. రాబర్ట్ ఎమన్స్, మైకేల్ మెకల్లో అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2003లో ప్రచురించిన అధ్యయనంలో, వారానికోసారి అలా రాసుకున్నవాళ్లు, చిరాకులు రాసుకున్నవాళ్లకన్నా తమ జీవితం గురించి మెరుగ్గా భావించారు. సోంజా ల్యుబోమిర్‌స్కీ అనే మరో మనస్తత్వ శాస్త్రవేత్త బృందం ఇదే పరీక్షించి చూసినప్పుడు, వారానికి ఒకసారి చేసినవాళ్లకి లాభం కనిపించింది కానీ వారానికి మూడుసార్లు చేసినవాళ్లకి కనిపించలేదు. రోజూ బలవంతంగా చేస్తే అది కూడా ఒక హోంవర్క్ అయిపోతుంది. కాబట్టి వారానికోసారి పెట్టుకోండి, అదీ నువ్వూ మీ ఆయనా మొదలుపెట్టండి. "ఈ వారం నాకేం లేదు" అనే హక్కు అందరికీ ఉండాలి, నీకు కూడా. అలా అన్నవాళ్లని ఎవరూ గుచ్చిగుచ్చి అడగకూడదు.

మీ ఆయన మాట వచ్చింది కాబట్టి, మీరిద్దరూ ఒకరికొకరు చెప్పుకుంటున్నారా? పిల్లలు మనం చెప్పింది వినకపోయినా, మనలో మనం మాట్లాడుకునేది చెవులు రిక్కించి వింటారు. "నిన్న రాత్రి మా నాన్నకి జ్వరం వస్తే నువ్వే మేలుకున్నావు, నాకు చాలా ధైర్యంగా అనిపించింది" అని నువ్వు ఆయనతో అన్న మాట పక్క గదిలోకి వినబడితే, అది ఏ పాఠం కన్నా బాగా ఎక్కుతుంది. ఇంట్లో పనంతా నీ మీదే పడుతున్నట్టయితే మాత్రం థాంక్స్‌తో సరిపెట్టుకోకు, పని పంచు. అలసటంతా ఒకరిది, తియ్యటి మాటలన్నీ మిగతావాళ్లవి అయితే అది పిల్లలకి తప్పుడు లెక్క నేర్పుతుంది.

బయటివాళ్లని కూడా మరవొద్దు. చెత్త తీసుకెళ్లేవాళ్లు, పార్శిల్ తెచ్చేవాళ్లు, ఆస్పత్రుల్లో పనిచేసేవాళ్లు మనం తలుపులేసుకున్న రోజుల్లో కూడా బయటే ఉన్నారు. వాళ్ల గొప్పతనం గురించి ఉపన్యాసం వద్దు. పార్శిల్ వచ్చినప్పుడు చిన్నదాన్నే మాస్క్ పెట్టుకుని తలుపు తియ్యమను, దూరంగా నిలబడి నీళ్ల సీసా ఇవ్వమను. ఆన్‌లైన్‌లో అష్టకష్టాలు పడుతూ పాఠం చెబుతున్న టీచర్‌కి రెండు లైన్లు రాయమను. ఎబ్బెట్టుగా ఉంటుందని అంటుంది. కుమార్, ఎప్లీ అనే పరిశోధకులు 2018లో ఇదే తేల్చారు: అలాంటి ఉత్తరం రాసేవాళ్లు, అందుకునేవాళ్లకి ఇబ్బందిగా ఉంటుందేమోనని ఎక్కువగా ఊహించుకుంటారు, వాళ్లకి కలిగే సంతోషాన్నేమో తక్కువగా అంచనా వేస్తారు. టీచర్‌గా నా మాట కూడా విను, అలాంటి కాగితాలు పారెయ్యలేం.

ఒకటి గట్టిగా చెప్పాలి. కృతజ్ఞతతో నయం కానివి ఉన్నాయి. పిల్లాడు రెండు వారాలకు పైగా ఎప్పుడూ దిగులుగానే ఉన్నా, ఇష్టమైనవన్నీ వదిలేసినా, తిండీ నిద్రా పూర్తిగా మారిపోయినా, "నేను లేకపోతే బాగుణ్ను" లాంటి మాట ఒక్కసారి అన్నా, అది అలక కాదు, కృతఘ్నత అసలే కాదు. వెంటనే డాక్టర్‌తో మాట్లాడు, ఆ మాట విన్న రోజు వాణ్ని ఒంటరిగా వదలకు. అలాగే ఆప్తులెవరైనా పోయిన ఇంట్లో, ఉద్యోగం పోయిన ఇంట్లో మంచి విషయాలు లెక్కపెట్టమని ఎవర్నీ అడగకూడదు. అక్కడ ఏడవనివ్వాలి, పక్కన కూర్చోవాలి.

ఈ వారం ఒక్కటే చెయ్యి. ఇద్దరిలో ఒక్కొక్కరికీ ఒక్కో పనికి థాంక్స్ చెప్పు, తోక లేకుండా. వాళ్లేమన్నారో నాకు రాయి, ఏమీ అనకపోతే అదీ రాయి. ఆదివారం నేనే ఫోన్ చేస్తాను. పెద్దవాడు అప్పటికి లేవకపోతే లేపకు, సాయంత్రం మాట్లాడతాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ