కొత్త బీరువా ఘాటు

ప్రశ్న: కొత్తగా కొన్న పార్టికల్ బోర్డు బీరువా తలుపు తీస్తే కళ్లు మండుతున్నాయి. జిగురు వాసన అంటున్నారు. ఆ జిగురు ఎలా చేస్తారు? వాసన లేకుండా చేయలేరా?
– ఒక పాఠకురాలు

జవాబు: నిజమేనమ్మా, ఆ ఘాటు జిగురులోంచి వచ్చే ఫార్మాల్డిహైడ్ అనే వాయువుది. ఈ జిగురు (రెసిన్) తయారుచేసే ప్లాంటులో షిఫ్ట్ కెమిస్టుగా చేసినవాణ్ణి కాబట్టి ఆ ఘాటు నాకు బాగా తెలుసు.

యూరియాను ఫార్మలిన్‌లో, అంటే ఫార్మాల్డిహైడ్ కలిసిన నీళ్లలో కలిపి, పీహెచ్ 8 దగ్గర ఉంచి, సుమారు 90 డిగ్రీలకు వేడి చేస్తాం. ఒక యూరియా అణువుకు రెండు ఫార్మాల్డిహైడ్ అణువుల లెక్క. తర్వాత కాస్త యాసిడ్ పోసి పీహెచ్ 5కి దించితే అణువులు గొలుసుల్లా అల్లుకుంటాయి. అసలు టెన్షన్ అప్పుడే. చిక్కదనం చూస్తూ ఉండి, సరిగ్గా సమయానికి క్షారం పోసి ఆపాలి. ఏమరుపాటుగా ఉంటే కెటిల్ (జిగురు వండే పెద్ద పాత్ర) నిండా గడ్డే, సుత్తీ ఉలీ పట్టుకుని లోపలికి దిగాల్సిందే!

మీ వాసన సంగతి ఆ తర్వాత తేలుతుంది. మిగిలిన ఫార్మాల్డిహైడ్‌ను పట్టేయడానికి మళ్లీ యూరియా వేస్తాం. చివరికి మొత్తం లెక్క ఒక యూరియాకు ఒకటి, ఒకటింబావు ఫార్మాల్డిహైడ్ ఉండేలా చూస్తాం. ఇంకా తగ్గించవచ్చు కదా అంటారేమో. జిగురును గట్టిపరచడానికి హార్డనర్‌గా వాడే అమ్మోనియం క్లోరైడ్, మిగులు ఫార్మాల్డిహైడ్‌తో కలిసినప్పుడే యాసిడ్‌ను పుట్టిస్తుంది. ఆ యాసిడ్ వల్లే వేడి ప్రెస్సులో జిగురు గట్టిపడుతుంది. మరీ తగ్గిస్తే బోర్డు ఆలస్యంగా ఆరుతుంది, పట్టూ తగ్గుతుంది.

పైగా తేమకు, వేడికి ఈ జిగురు బంధాలు మెల్లగా విడిపోతూ ఫార్మాల్డిహైడ్‌ను వదులుతాయి. అందుకే ఉక్కపోత రోజుల్లో వాసన ఎక్కువ. సింకు కింద ఈ బోర్డు ఉబ్బిపోయేదీ చాలావరకు ఇందుకే. తడి తగిలే చోటికి మెలమైన్ కలిపిన జిగురో, ఫినాల్ జిగురో కావాలి. చిత్రమేమిటంటే, ఈ మెల్లగా విడిపోయే గుణం కోసమే ఇదే జాతి పదార్థాన్ని ఎరువుగానూ వాడతారు. స్విచ్‌లు, ప్లగ్గులు, ముడతపడని బట్టలు కూడా ఈ రసాయనం చలవే. చవక, రంగు ఉండదు, నిమిషాల్లో గట్టిపడుతుంది. బోర్డు పరిశ్రమ దీన్ని అంత తేలిగ్గా వదలదు.

అలాగని తేలిగ్గా తీసుకోకండి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో ఫార్మాల్డిహైడ్‌ను క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. కొన్నాళ్లు తలుపులు తీసి గాలి ఆడనివ్వండి. పూత లేని అంచుల నుంచి, వెనక చెక్క నుంచి వాసన ఎక్కువగా వస్తుంది కాబట్టి వాటికి లామినేటో, ఎడ్జ్ బ్యాండో వేయించండి. ఈసారి కొనేటప్పుడు, ఫార్మాల్డిహైడ్ తక్కువగా వదిలే బోర్డు అని తెలిపే ఈ1 (E1) ముద్ర ఉందేమో అడగండి. అంతవరకు ఆ బీరువా పిల్లలు పడుకునే గదిలో వద్దు.