మౌనంగా కూర్చోవడం కూడా ప్రార్థనేనా?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మాది మూడు తరాలుగా క్రైస్తవ కుటుంబం. మా సంఘంలో ప్రార్థన అంటే అందరూ కలిసి గట్టిగా చేసేదే, ఆ ఆరాధన నాకు ఇష్టమే. అయితే ఏడాదిగా, ఇంట్లోవాళ్లు లేవకముందే ఒక కీర్తన చదువుకొని ఇరవై నిమిషాలు ఏమీ మాట్లాడకుండా కూర్చుంటున్నాను. మా ఆడపడుచు అది చూసి, "ఇది మన పద్ధతి కాదు వదినా, మనసు ఖాళీ చేసుకుంటే ఆ ఖాళీలోకి అపవిత్రాత్మ వస్తుందని ప్రభువే చెప్పాడు" అన్నది. పైగా ఆ ఇరవై నిమిషాల్లో పదిహేను నిమిషాలు పాల లెక్కలు, అబ్బాయి కాలేజీ ఫీజు ఆలోచనలే. ఇది ప్రార్థన అవుతుందా? మానెయ్యమంటారా?
– ఒక పాఠకురాలు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: మానవద్దు. అలాగని మీ ఆడపడుచు గారి భయాన్ని తేలికగా కొట్టివేయకూడదు, ఎందుకంటే ఆమె గుర్తుచేసిన మాట మత్తయి సువార్త 12వ అధ్యాయంలో ఉన్నదే. ఒక మనిషిని విడిచిపోయిన అపవిత్రాత్మ తిరిగి వచ్చి, ఆ ఇల్లు ఊడ్చి అమర్చి ఎవరూ లేకుండా ఉండడం చూసి, తనకంటే చెడ్డవైన మరి ఏడు ఆత్మలను వెంటబెట్టుకొని వస్తుంది. అయితే యేసు ఆ మాటను ప్రార్థించేవారిని ఉద్దేశించి చెప్పలేదు. తన బోధ విని కూడా తనను చేర్చుకోక సూచకక్రియ చూపమని అడిగిన ఆ తరమువారిని ఉద్దేశించి చెప్పాడని అక్కడి చివరి వాక్యమే తెలుపుతుంది. ఆ ఇంట్లో లోపం నిశ్శబ్దం కాదు, యజమాని లేకపోవడం. మీరు కీర్తన చదివి, ఎవరి ఎదుట కూర్చున్నారో ఎరిగి కూర్చుంటున్నారు గనుక ఆ వాక్యం మీకు వర్తించదు.

"మన పద్ధతి కాదు" అన్న మాటను మాత్రం కొంచెం నిదానంగా చూడవలసి ఉంది. ధ్యానం అనగానే మనవాళ్లలో చాలామందికి అది మరొకరి మాటగా వినిపిస్తుంది, కాని మన తెలుగు బైబిలులో కీర్తనల గ్రంథం తెరవగానే రెండవ వచనంలోనే, యెహోవా ధర్మశాస్త్రమునందు ఆనందించుచు దివారాత్రము దానిని ధ్యానించువాడు ధన్యుడని ఉంది. అక్కడి హీబ్రూ క్రియ హాగా. నోటిలోపల గొణుక్కోవడం, మూలగడం దాని అర్థాలు. యెషయా గ్రంథం 31వ అధ్యాయంలో వేటను పట్టుకొని గుర్రుమనే సింహానికీ, 38వ అధ్యాయంలో గువ్వ మూలుగుకూ వాడినది ఆ క్రియనే. అంటే కీర్తనకారుని ధ్యానం ఆలోచనలన్నింటినీ తుడిచివేసే పని కాదు. ఒక వాక్యాన్ని పెదవుల మీద ఉంచుకొని మళ్లీ మళ్లీ మెదుపుకోవడం. మనం నెమరువేసుకోవడం అంటామే, పాశ్చాత్య మఠాల్లోని సన్యాసులు కూడా లాటిను భాషలో సరిగ్గా పశువు నెమరు అనే అర్థం గల మాటనే దీనికి వాడుకున్నారు. 12వ శతాబ్దంలో ఫ్రాన్సు కొండల్లోని ఒక మఠానికి పెద్దగా ఉన్న రెండవ గిగో, చదవడం ముద్ద నోట పెట్టుకోవడమనీ, ధ్యానం దానిని నమలడమనీ, ప్రార్థన రుచిని పొందడమనీ, ఆ తరువాతి మౌనం ఆ తియ్యదనమేననీ వ్రాశాడు.

ఇక మౌనం సంగతి. మీకు నచ్చిన కీర్తన ఏదో వ్రాయలేదు గాని, 131వ కీర్తన చదివి చూడండి. మూడే వచనాలు. చనుపాలు విడిచిన పిల్ల తన తల్లియొద్ద ఉన్నట్లు నా ప్రాణమును నిమ్మళపరచుకొన్నాను అంటాడు కీర్తనకారుడు. పాలు తాగే పసిబిడ్డ తల్లి ఒడిలో చేరగానే వెదుక్కుంటుంది, ఏడుస్తుంది. పాలు మాన్పిన బిడ్డకు అడగవలసింది ఏమీ ఉండదు, అయినా వచ్చి ఆనుకొని కూర్చుంటుంది. పిల్లలను పెంచిన మీకు ఈ తేడా నేను చెప్పనవసరం లేదు. అడగవలసినవి అడిగే ప్రార్థన వేరే ఉంది, అది మీ సంఘంలో చేస్తూనే ఉన్నారు. తెల్లవారుజామున మీరు చేస్తున్నది ఈ రెండవది. దీనికి మన సంఘాల్లో పాత మాట కూడా ఒకటి ఉంది: కనిపెట్టడం, అంటే దేవుని కొరకు ఎదురుచూస్తూ ఉండడం. 1938లో ముంగమూరి దేవదాసు గారు ప్రారంభించిన బైబిలు మిషనులో దైవసన్నిధిలో కనిపెట్టడం నేటికీ బాగా తెలిసిన సాధన. కాబట్టి ఇది ఎక్కడినుంచో అరువు తెచ్చుకున్నది కాదని మీ ఆడపడుచు గారితో నిమ్మళంగా చెప్పవచ్చు. చెప్పడమే కాదు, ఒకరోజు ఆమెను పక్కన కూర్చోబెట్టుకొని కీర్తనను ఆమె చేత చదివించండి, వాదన కంటే అది మేలు.

పాల లెక్కల విషయానికి వద్దాం, ఎందుకంటే మీ ఉత్తరంలో అసలు బాధ అక్కడే ఉందని నాకు అనిపించింది. 16వ శతాబ్దంలో స్పెయిన్‌లోని ఆవిలా పట్టణంలో జీవించిన కార్మెలైట్ సన్యాసిని తెరేసమ్మ (1515–1582), ప్రార్థన గురించి క్రైస్తవ లోకానికి ఎంతో నేర్పినవారిగా ఇప్పటికీ గౌరవం పొందుతున్న మనిషి, కొన్నేళ్లపాటు తన ప్రార్థన గంట ఎప్పుడు ముగుస్తుందా అనీ, గడియారం ఎప్పుడు మోగుతుందా అనీ చెవి అటే పెట్టి కూర్చునేదాన్నని తన జీవితకథలో దాచకుండా ఒప్పుకున్నది. చాలా ఏళ్లు చేతిలో పుస్తకం లేకుండా ప్రార్థనకు కూర్చునే ధైర్యం కూడా తనకు లేకపోయిందట. మీరు ఒక కీర్తన చదివి పుస్తకం మూసివేస్తున్నారు. మూయకండి, ఒడిలోనే తెరిచి ఉంచుకొని, మనసు కాలేజీ దాకా వెళ్లివచ్చినప్పుడల్లా అదే వచనం మీద చూపు నిలపండి.

తెరేసమ్మ చెప్పిన ఒక పోలిక గోదావరి జిల్లావారికి వివరించనవసరం లేనిది. ప్రాణం ఒక తోట, దానికి నీరు పెట్టే దారులు నాలుగు అంటుంది. మొదటిది బావిలోనుంచి చేదతో తోడిపోయడం, అందులో కష్టం ఎక్కువ, నీరు తక్కువ. రెండవది కుండలు కట్టిన చక్రాన్ని తిప్పి తోడడం. మూడవది ఏటినుంచో వాగునుంచో పారే నీరు. నాలుగవది వాన, అందులో తోటమాలి చేసేదేమీ లేదు. కొత్తగా మొదలుపెట్టినవారంతా బావి దగ్గరివారేనని ఆమె లెక్క. ఇక్కడ ఆమె ఇంకొక సంగతి కూడా చెబుతుంది: రోజుల తరబడి చేద వేసినా చుక్క నీరు రాని కాలం ఉంటుంది, చేద ఎత్తడానికి చెయ్యి కూడా లేవని రోజులుంటాయి. అప్పుడు కూడా తోటమాలి సంతోషించాలి, ఎందుకంటే తాను పని చేస్తున్నది తన సొంత తృప్తి కోసం కాదు, తోట యజమాని కోసం. ఆ యజమాని అతని శ్రమను చూస్తూనే ఉన్నాడు. మీ పదిహేను నిమిషాలు ఎండిన బావిలోకి వేసిన చేదలే అనుకోండి. ఫీజు ఆలోచన వచ్చిందని గుర్తించి మళ్లీ వచనం దగ్గరికి వచ్చారే, ఆ రావడమే చేద వేయడం. ఆలోచనలు రాకుండా చేయడం మీ పని కాదు.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. గోడ క్యాలెండర్ల మీద సరస్సు బొమ్మ కింద "ఊరకుండుడి, నేనే దేవుడనని తెలిసికొనుడి" అని 46వ కీర్తన మాట అచ్చువేస్తుంటారు. అది ప్రశాంతత కోసం చెప్పిన చిట్కా కాదు. దాని ముందు వచనంలో దేవుడు విల్లు విరిచి, బల్లెము నరికి, యుద్ధాలు మాన్పుతున్నాడు. ఆ "ఊరకుండుడి" అన్నది చేతులు దించండి అనే ఆజ్ఞ. అందుచేత మౌనంగా కూర్చున్నప్పుడు కలిగే హాయిని ప్రార్థనకు కొలతగా పెట్టుకోవద్దు. 1989 అక్టోబరు 15న, అంటే తెరేసమ్మ పండుగనాడు, వాటికను తన బిషప్పులకు వ్రాసిన లేఖ ఇదే హెచ్చరించింది: ఇతర మతాల ధ్యాన పద్ధతులను అవి ఇతరులవన్న ఒక్క కారణంతో త్రోసివేయనక్కరలేదు గాని, శరీరానికి కలిగే విశ్రాంతిని పరిశుద్ధాత్మ ఇచ్చే ఆదరణ అని పొరబడకూడదన్నది. మీది కతోలిక సంఘం కాకపోయినా ఈ మాట పనికివస్తుంది. హోరేబు కొండమీద ఏలీయాకు గాలి, భూకంపం, మెరుపు అన్నీ ఆగిన తరువాత నిమ్మళమైన స్వరం వినిపించింది నిజమే, కాని ఆ స్వరం ఇక్కడ నీవేమి చేయుచున్నావని అడిగి, వచ్చిన దారినే పనికి తిరిగి పంపించింది. మౌనంలోనుంచి లేచి వంటింట్లోకి వెళ్లాక ఇంట్లోవాళ్లతో మీ మాట ఎలా ఉంటున్నదో గమనించుకోండి, హాయిని గమనించుకోవడం కంటే అది నమ్మదగిన గుర్తు. మౌనంలో పాత దుఃఖమో భయమో పొంగివచ్చి నిద్ర కూడా పట్టనీయకపోతే మాత్రం ఒంటరిగా భరించక, నమ్మకమైన పెద్దలతోనూ, అవసరమైతే వైద్యులతోనూ మాట్లాడండి.

ప్రశ్న: నేను హైదరాబాదులో రాత్రి షిఫ్టులో ఉద్యోగం చేస్తున్నాను. తెల్లవారుజామున లేచి ధ్యానించడం నాకు కుదిరే పని కాదు, ఆ వేళకు ఇల్లు చేరుతుంటాను. మా సంఘపెద్ద ఒకరు మార్కు సువార్త 1:35 చూపించి, ఇది విశ్వాసలోపం అంటున్నారు.
– ఒక పాఠకుడు, హైదరాబాదు

జవాబు: యేసు చాలా చీకటి ఉండగానే లేచి అరణ్యప్రదేశానికి వెళ్లి ప్రార్థించాడని ఆ వచనం చెబుతుంది, అందరూ ఆ వేళకే లేవాలని చెప్పదు. లూకా 6:12లో ఆయనే రాత్రంతా ప్రార్థనలో గడిపాడు. ఇస్సాకు ధ్యానించడానికి పొలంలోకి వెళ్లినది సాయంకాలం. 17వ శతాబ్దంలో పారిస్‌లోని ఒక మఠంలో వంటపని చేసిన బ్రదర్ లారెన్స్ అయితే, మోకాళ్ల మీద ఉన్నప్పుడు ఎంత నిమ్మళంగా ఉంటానో గిన్నెల చప్పుడు మధ్యనా అంతే నిమ్మళంగా దేవుని సన్నిధిలో ఉంటానన్నాడు.

మీకు సరిపోయే కీర్తన ఒకటుంది, 130వది. కావలివారు ఉదయం కొరకు కనిపెట్టడం కంటే ఎక్కువగా నా ప్రాణం ప్రభువు కొరకు కనిపెట్టుచున్నది అంటుంది. ఆ కావలివారు రాత్రి షిఫ్టువాళ్లే, పోలిక వాళ్లదే. ఎనిమిది వచనాలే గనుక విరామంలో ఒకసారి చదువుకోండి. షిఫ్టు ముగిశాక క్యాబులో ఫోను సంచిలో పెట్టి, కిటికీలోనుంచి వెలుగు రావడం చూస్తూ ఆ ఒక్క మాటను ఇల్లు చేరేదాకా నెమరువేసుకోండి. దారిలో కళ్లు మూతపడితే పడనివ్వండి.