తెల్ల దుప్పటి మీది తెల్ల పిల్లికి నీడే రూపం

తెల్లని నేపథ్యం ముందు తెల్ల పిల్లిని ఫొటో తీస్తే రెండూ కలిసిపోతున్నాయని, లేదా అంతా బూడిదరంగుగా వస్తోందని, నేపథ్యం మార్చక తప్పదా అని మీరు అడిగారు. మార్చనక్కరలేదు. మార్చవలసింది వెలుగు వచ్చే దిక్కును.

మా ఇంట్లోనూ ఒంటి మీద ఒక్క మచ్చ లేని తెల్ల పిల్లి ఉంది. అది చిన్న కూనగా ఉన్నప్పుడు ఒక మధ్యాహ్నం తెల్ల దుప్పటి పరిచిన మంచం మీద ముడుచుకుని కూర్చుని నన్నే చూస్తూ ఉంటే, ఎదురుగా నిలబడి ఫ్లాష్ వేసి వరుసగా ఫొటోలు తీశాను. తరువాత చూసుకుంటే ప్రతి దానిలోనూ రెండు కళ్లు, ఒక గులాబిరంగు ముక్కు తప్ప పిల్లి కనిపించలేదు. ఫ్లాష్ ఆపి తీస్తే, ఉదయమే ఉతికి పరిచిన దుప్పటి మాసిపోయినట్లు వచ్చింది. చివరికి గదిలో దీపాలన్నీ ఆర్పి, రెండు కిటికీలలో ఒకదాని పరదా పూర్తిగా మూసి, రెండవ కిటికీ వెలుగు పిల్లికి పక్కనుంచి ఏటవాలుగా పడేలా చేసి, ఎక్స్‌పోజర్‌ను, అంటే ఫొటోకు చేరే వెలుగును, ఒక స్టాప్ (ఒక స్టాప్ పెంచితే వెలుగు రెట్టింపు) కంటే కొంచెం ఎక్కువ పెంచి తీశాను. మెడ కింద, చెవి వెనుక, ముడిచిన కాళ్ల దగ్గర సన్నని నీడలు పడి, వెంట్రుక వెంట్రుకా విడివిడిగా కనిపించింది. ఆ ఫొటో ఈనాటికీ మా గోడ మీద ఉంది.

కెమెరాలో వెలుగును కొలిచే మీటర్ తన ఎదుట ఉన్నదంతా సగటున మధ్యస్థమైన బూడిదరంగే అనుకుని లెక్క వేస్తుంది కనుక, అంతా తెల్లగా ఉన్న దృశ్యాన్ని కావాలని చీకటి చేస్తుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను, అంటే మీటర్ లెక్కకు మనం చేసే సవరణను, +1 నుంచి +2 స్టాపుల మధ్య ఉంచితే తెలుపు తెలుపుగా వస్తుంది. అయితే హిస్టోగ్రామ్ (ఎడమన చీకటి నుంచి కుడిన తెలుపు దాకా ఫొటోలో ఏది ఎంత ఉందో చూపే గ్రాఫ్) కుడి అంచుకు చేరువగా రావాలే గాని దానికి గుద్దుకోకూడదు, ఎందుకంటే అక్కడ పోయిన బొచ్చు వివరం ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ తిరిగి రాదు. ఫోన్‌లో తీసేవారు పిల్లి ముఖం మీద తాకి, పక్కన కనిపించే సూర్యుడి గుర్తును కొద్దిగా పైకి జరిపితే చాలు.

పిల్లిని సాఫ్ట్‌వేర్‌తో కత్తిరించి రంగు నేపథ్యం మీద అతికించమని సలహా ఇచ్చేవారిని చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. ఆ కత్తిరింపులో ముందుగా పోయేవి మీసాలు, మీసాలు లేని పిల్లి ముఖం పిల్లి ముఖమే కాదు. మెడకు ఎర్ర రిబ్బను కట్టమనే సలహా కూడా అంతే. పిల్లి ఇబ్బంది పడి దాన్ని పీక్కోవడమే ఫొటోలో మిగులుతుంది.

గోడ కూడా తెల్లదే అయితే పిల్లిని గోడకు ఆనించి కాక, వీలైనంత దూరంగా కూర్చోబెట్టండి. పిల్లికి రెండు వైపులా, ఫ్రేములో పడకుండా, ఒక్కొక్క నల్ల అట్టను నిలబెడితే ఆ నలుపు పక్కల వెలుగును పీల్చుకుని బొచ్చు అంచులు లీలగా నల్లబడి, తెలుపులో నుంచి తెలుపును వేరు చేసే సన్నని గీత ఏర్పడుతుంది. ఫోకస్ మాత్రం కంటి మీదనే పెట్టండి. ఆటోఫోకస్ పట్టుకోవడానికి వెలుగునీడల తేడా కావాలి, తెల్ల బొచ్చులో దానికి అది సులువుగా దొరకదు.